ఎర్రక్షరాల రిపోర్టు, అడగని ప్రశ్న

విశాఖ రామ్‌నగర్‌లో ఓ ఆసుపత్రి మెట్ల మీద రిపోర్టు పట్టుకుని కూర్చుంది మా తోడల్లుడి కూతురు. 23 ఏళ్లు, మూడో నెల. కడుపులో బిడ్డకు లోపముండే అవకాశాన్ని తల్లి రక్తంతో అంచనా కట్టే డబుల్ మార్కర్ కాగితం మీద ఎర్రక్షరాల్లో ‘హై రిస్క్, 1:190’ అని ఉంది. వాళ్లమ్మ అప్పటికే సింహాద్రి అప్పన్నకు మొక్కేసుకుంది. డాక్టరమ్మ మాత్రం ‘ఇంకో పెద్ద టెస్టుంది, చేయించండి’ అని ఊరుకుంది. ఇలాంటి నంబరొచ్చిన 190 మంది తల్లుల్లో 189 మందికి డౌన్ సిండ్రోమ్ (ఒక క్రోమోజోము ఎక్కువై ఎదుగుదల మందగించే లోపం) లేని బిడ్డే పుడుతుందన్న ముక్క ఎవరూ చెప్పలేదు.

పరీక్ష మంచిదే. దాన్ని అమ్ముతున్న తీరు మీదే నా గొడవ.

లెక్క చూడండి. పాతికేళ్ల తల్లికి డౌన్ బిడ్డ పుట్టే అవకాశం దాదాపు 1,250లో ఒకటి. డబుల్ మార్కర్‌కు బిడ్డ మెడ వెనక నీటి మందం కొలిచే ఎన్‌టీ స్కాన్ కలిపి చూసినా నూటికి ఐదుగురికి ఉత్తుత్తి హై రిస్క్ వస్తుంది. అంటే వెయ్యి మంది చేయించుకుంటే 50 ఇళ్లలో నిద్ర కరువవుతుంది. నిజంగా సమస్య ఉండేది మహా అయితే ఒక్కరికి. ఎన్‌ఐపీటీ అనే రక్తపరీక్ష ఇంతకన్నా ఎన్నో రెట్లు నయం. మాయ (ప్లాసెంటా) నుంచి తల్లి రక్తంలోకి చేరే డీఎన్‌ఏ ముక్కల్ని పదో వారం నుంచే చదువుతుంది. తప్పుడు హెచ్చరిక వెయ్యికి ఒకటే. అయినా ఆ వయసు వాళ్లు 10,000 మంది చేయించుకుంటే నిజం పాజిటివ్‌లు ఎనిమిది, ఉత్తుత్తివి పది! ఉమ్మనీరో, మాయ ముక్కో తీసి చూస్తే తప్ప ఏదీ ఖాయం కాదు.

‘ముందే తెలిస్తే నిర్ణయానికి టైముంటుంది కదా’ అంటారు. నిజమే. తీవ్రమైన లోపముంటే 24 వారాలు దాటినా మెడికల్ బోర్డు అనుమతితో గర్భస్రావానికి చట్టంలో 2021 సవరణ దారి చూపింది. కానీ ముందే తెలుస్తున్నది దేని గురించి?

ఆ అమ్మాయి చేసుకున్నది సొంత మేనమామని, అంటే మా బావమరిదినే. వరసలు ఎటు తిప్పినా మా ఇంటికే వస్తాయి. మేనమామకీ మేనకోడలికీ జన్యువుల్లో నాలుగో వంతు ఉమ్మడి. తలసీమియా లాంటి వంశపారంపర్య రక్త జబ్బు ఇద్దరిలోనూ దాగి ఉంటే ప్రతి కాన్పులో నూటికి పాతిక పాళ్లు బిడ్డకు ఆ జబ్బు రావచ్చు. మామూలు ఎన్‌ఐపీటీ ప్యాకేజీ క్రోమోజోములు లెక్కపెడుతుంది, దీని జోలికి పోదు. ఇక్కడ కావాల్సింది హెచ్‌పీఎల్‌సీ, అంటే రక్తంలో హిమోగ్లోబిన్ రకాల్ని విడదీసి చూసే పరీక్ష. పదివేలు దాటే ఎన్‌ఐపీటీ బిల్లులో పదో వంతుతో అయిపోతుంది. బహుశా అందుకేనేమో, దాని గురించి బోర్డు పెట్టేవాళ్లు కనిపించరు.

ఘాట్ రోడ్డు ఎక్కితే సీన్ వేరు. పాడేరు, అరకు వైపు సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు) కోసం ఊళ్లకెళ్లి రక్తం తీసి చూస్తున్నారు. 2023 జులైలో కేంద్రం మొదలుపెట్టిన మిషన్ అది, గడువు 2047. ‘పెళ్లికి ముందే ఇద్దరి కార్డులూ చూసుకోండి’ అని గిరిజనులకు చెబుతున్నాం. అదే మాట సీతమ్మధార అపార్ట్‌మెంట్‌లో ఎత్తితే సంబంధం తప్పిపోతుంది. మేనరికంలో మనం ఆస్తి బయటికి పోదని చూస్తాం, పిల్ల కళ్ల ముందే ఉంటుందని చూస్తాం. రక్తంలో ఏం కలుస్తోందో చూడం.

ఉమ్మనీటి పరీక్షలో మా పిల్లకు అంతా నార్మలే వచ్చింది. అందరూ కొండకెళ్లి మొక్కు తీర్చుకుని, పులిహోర ప్యాకెట్లతో దిగారు. ఆ సాయంత్రం ఊరికే ఆసుపత్రి ఫైలు తిరగేశాను. మొదటి పేజీలోనే ఉంది: ‘మేనరికమా? అవును/కాదు.’

దేనికీ టిక్కు లేదు.