అరవై రోజుల గడువు, మూతపడిన తరగతి

అమెరికాలో హరికేన్‌కు ఇల్లు పోగొట్టుకున్నవారు సమాఖ్య విపత్తు సంస్థ ఫెమాకు సాయం కోసం దరఖాస్తు పెట్టుకుంటారు. కొన్నాళ్లకు ఒక ఉత్తరం వస్తుంది. అందులో ‘అర్హత లేదు’ అన్న మాట కనిపించగానే చాలామంది ఆశ వదిలేసుకుంటారు. నిజానికి చాలాసార్లు అది తుది నిర్ణయం కాదు. ఇంటి హక్కు పత్రం జతచేయలేదనో, బీమా కంపెనీ ఏం తేల్చిందో తెలపలేదనో, ఒకచోట సంతకం లేదనో అభ్యంతరం ఉంటుంది. 60 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. ఆ సంగతీ అదే ఉత్తరంలో రాసి ఉంటుంది, కానీ చదివి అర్థం చేసుకోగలిగినవారికే.

వలస వచ్చిన వయోజనుల కోసం నడిచే ఇంగ్లీషు తరగతులు విపత్తు తర్వాత ఆఖరున తెరుచుకుంటాయి. ముందు రోడ్లు, కరెంటు, తర్వాత పిల్లల బడులు. పాఠాలు జరిగిన హాలులో సహాయ సామగ్రి నింపుతారు. వచ్చే సెమిస్టరుకు చూద్దామంటారు. ఆలోపు ఆ 60 రోజులు కరిగిపోతాయి. భవనం కోసం ఎదురుచూడకుండా, మనుషులు కాస్త కుదురుకున్న రెండు మూడు వారాల్లోనే తరగతి మొదలవ్వాలని, చేతిలో ఉన్న ఆ ఉత్తరమే తొలి పాఠం కావాలని నా వాదన.

ప్రభుత్వమే బాధితుల భాషలో మాట్లాడాలి కదా అని కొందరంటారు. నిజమే, అందులో రాజీ కూడదు. 1987 మే 22న టెక్సస్‌లోని సరగోసా అనే చిన్న ఊరిని టోర్నడో తాకి 30 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది బడి ముందు చదువు ముగించిన చిన్నపిల్లలకు పట్టాలిచ్చే వేడుకకు ఒక హాలులో చేరినవారు. స్పానిష్ మాట్లాడే ఆ ఊరికి స్పానిష్‌లో హెచ్చరిక సరిగా అందలేదు. ఇంగ్లీషు నేర్చుకోకపోవడం వారి తప్పని అనడం క్రూరత్వం. అయితే హెచ్చరిక నిమిషాల పని, కోలుకోవడం ఏళ్ల పని. ఫెమాకు ఫోను చేస్తే దుబాసీ దొరకవచ్చు. పైకప్పు వేస్తానని అడ్వాన్సు పట్టుకుపోయిన కాంట్రాక్టరును నిలదీసేటప్పుడు, ఇల్లు ఖాళీ చేయమంటున్న యజమానితో మాట్లాడేటప్పుడు పక్కన ఏ దుబాసీ ఉంటాడు?

మరో పొరపాటు, పాత హాజరుపట్టీ తీసి అందరినీ వెనక్కి పిలిస్తే తరగతి మళ్లీ నిలబడుతుందనుకోవడం. 2005 ఆగస్టు 29న కత్రినా హరికేన్ తాకాక న్యూ ఆర్లీన్స్‌లో దాదాపు 80 శాతం నీట మునిగింది. పాత నివాసులు హ్యూస్టన్ వంటి నగరాలకు చెదిరిపోయారు. బూజు పట్టిన గోడలు పీకడానికి, కప్పులు వేయడానికి లాటిన్ అమెరికా దేశాల కూలీలు వేలల్లో వచ్చారు. సమాఖ్య కాంట్రాక్టు పనుల్లో స్థానిక వేతన స్థాయిని కాపాడే డేవిస్–బేకన్ చట్టాన్ని ఆ సెప్టెంబరులో ప్రభుత్వం నిలిపివేసి, నవంబరులో గానీ పునరుద్ధరించలేదు. జీతం ఎగ్గొట్టారని ఎంతోమంది కూలీలు మొత్తుకున్నారు. అలాంటివారికి కావలసిన ఇంగ్లీషు వేరు: ఎన్ని గంటలు పనిచేశానో చెప్పడం, మాస్కు ఇవ్వందే ఆ గదిలోకి వెళ్లనని అనడం, చెల్లని చెక్కు ఎవరిచ్చారో ఫిర్యాదులో రాయడం. విపత్తుకు ముందున్న పాఠ్యపుస్తకంలో ఇవి ఉండవు.

ఇక డబ్బు. ఉపాధి శిక్షణ, వయోజన విద్యల కోసం చేసిన 2014 నాటి వర్క్‌ఫోర్స్ ఇన్నోవేషన్ అండ్ ఆపర్చునిటీ చట్టం కింద రాష్ట్రాల ద్వారా ఈ తరగతులకు నిధులు వస్తాయి. విద్యార్థుల స్థాయి ఎంత పెరిగిందో పరీక్షలతో కొలుస్తారు. మామూలు రోజుల్లో అది సబబే. రెండు నెలల్లో మూడు చోట్లకు మారిన మనిషి చివరి పరీక్షకు రాకపోతే కాగితం మీద ఆ కార్యక్రమం విఫలమైనట్టు కనిపిస్తుంది. కనీసం ఏడాదిపాటు ఆ కొలతను పక్కన పెట్టాలి. గంటల లెక్కన పనిచేసే ఉపాధ్యాయులకు తరగతి లేకపోతే జీతం లేదు. వారి ఇళ్లూ మునిగి ఉంటాయి. వాళ్లు మరో ఊరికి, మరో పనికి వెళ్లిపోతే, విద్యార్థుల పేర్లూ బలహీనతలూ తెలిసినవారిని ఏ గ్రాంటూ తిరిగి తేలేదు. అందుకే తొలి డాలరు బెంచీలకు కాదు, వారి జీతాలకు వెళ్లాలి.

తరగతి లోపల ఏం జరుగుతుందన్నది నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది. భాషా పాఠాల్లో తొలి ప్రశ్నలు ఏమిటి? మీ ఇల్లు ఎలా ఉంటుంది, ఇంట్లో ఎంతమంది, నిన్న ఏం చేశారు. సర్వం పోగొట్టుకున్నవారిని ఇవి అడిగితే నోరు పెగలదు. 2011 ఫిబ్రవరి 22న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ భూకంపంలో 185 మంది చనిపోగా, వారిలో 115 మంది కూలిన ఒక్క భవనంలోనివారే. ఆ భవనంలో ఒక ఇంగ్లీషు బోధనా సంస్థ ఉండేది, మృతుల్లో విదేశీ విద్యార్థులు ఎందరో. అలాంటి ఊళ్లో పై అంతస్తులోని గదికి పిలవడమే ఒక గాయం. భూతకాలం క్రియలు తర్వాత నేర్పవచ్చు. ముందు ‘నాకు కావాలి’, ‘నాకు అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి’, ‘అది రాసి ఇవ్వండి’ నేర్పితే మనిషికి కొంత పట్టు చిక్కుతుంది.

మరి ఎక్కడ పెట్టాలి? న్యూ ఆర్లీన్స్ తూర్పున మేరీ క్వీన్ ఆఫ్ వియత్నాం చర్చి చుట్టూ ఉన్న వియత్నాం మూలాల కుటుంబాలు చాలా వాడలకంటే ముందే తిరిగి వచ్చాయి. తమ పక్కనే తెరిచిన శిథిలాల డంపింగ్ యార్డుపై పోరాడి 2006లో దాన్ని మూయించాయి. ఆ చర్చి మనుషులు అప్పటికే కూడుతున్న చోటు. తరగతి అలాంటి చోటే పెట్టాలి. 2023 ఆగస్టు 8న హవాయి రాష్ట్రంలోని లహైనా పట్టణాన్ని మంటలు కాల్చేశాక బాధితులను నెలల తరబడి హోటళ్లలో ఉంచారు. వారిలో ఇలోకానో మాట్లాడే ఫిలిప్పీన్స్ కుటుంబాలు ఎన్నో. అలాంటప్పుడు తరగతి హోటల్ లాబీలోనే, పిల్లలు పక్కన ఆడుకుంటుండగా, సాయంత్రం షిఫ్టు మొదలవకముందే జరగాలి. బల్ల మీద పుస్తకం ఉండనవసరం లేదు. ఎవరి ఉత్తరం వారు తెచ్చుకుంటారు.