యూటా కొండల మీద నల్లరేగడి లేదు

ఒకే సందేశం ఈ నెలలో నాకు పదకొండుసార్లు వచ్చింది. డాలస్‌లో ఉన్న బావమరిది పంపాడు. కాలేజీలో నా పక్కన కూర్చున్న మిత్రుడు పంపాడు. గుంటూరులో ఉన్న మేనమామ కూడా పంపి, “నువ్వు మట్టి చదువు చదివావు కదా, ఇందులో నిజమెంత?” అని అడిగారు. అడిగింది ఆయన ఒక్కరే. మిగిలినవాళ్లంతా చదివినట్టే ముందుకు తోసేశారు. ఇద్దరు మిత్రులు కలిసి భూమికి బయానా ఇవ్వబోతున్నారని తెలిశాక ఇక ఊరుకోలేకపోయాను.

సందేశం సారం ఇది: అమెరికా పశ్చిమాన, యూటా కొండల మీద గరుసు కలిసిన బంకమట్టి భూములు చవకగా దొరుకుతున్నాయి. ఆ మట్టి అచ్చంగా మన నల్లరేగడే, రంగే అందుకు సాక్ష్యం. మట్టి పరీక్షలో బంకమట్టి వాటా 45 శాతం వచ్చింది కాబట్టి నీటిని నిలుపుకుంటుంది. పైనున్న రాళ్లు ఏరేస్తే సాగుభూమి అయిపోతుంది. చలికి చీడపీడలు ఉండవు. మంచు కరిగి నేల మెత్తగా ఉన్నప్పుడే గొర్రెలను దట్టంగా తోలి తొక్కిస్తే, గట్టిపడిన నేల గుల్లబారి, గడ్డివిత్తనం నాటుకుని, రెండేళ్లలో కొండంతా పచ్చబడుతుంది.

చీడపీడల మాట ముందు తేల్చేస్తాను. మూడు వేల మీటర్ల ఎత్తున, గడ్డకట్టే రాత్రి లేకుండా వరసగా 70 రోజులు దొరకడమే కష్టం. పంటే నిలవని చోట పురుగు రాదని చెప్పడం ఏం ఊరట?

ఇక రంగు. నల్లగా ఉన్నదల్లా రేగడి అయితే బొగ్గు కుప్ప కూడా రేగడే. మన రేగడిలో సేంద్రియ కర్బనం, అంటే కుళ్లిన ఆకూ వేరూ మట్టిలో మిగిల్చేది, చాలాచోట్ల ఒక శాతం కూడా ఉండదు. అయినా అది నల్లగా ఉంటుంది, ఎందుకంటే ఉన్న ఆ కాస్తా బంకను గట్టిగా అంటిపెట్టుకుని ఉంటుంది. యూటా కొండ మీది నలుపు వేరే దారిన వచ్చింది. అక్కడ అర మీటరు లోతున నేల ఏడాది సగటు ఉష్ణోగ్రత 8 డిగ్రీలు కూడా దాటదు. మన దక్కను నేలల్లో అది 22కు పైమాటే. ఏటా చచ్చే గడ్డివేళ్లు ఆ చలిలో త్వరగా కుళ్లవు. వందల ఏళ్లపాటు పేరుకుని పైమట్టిని నల్లబరుస్తాయి. ఆ నలుపంతా గడ్డి దాచుకున్న నిల్వ. వాలు మీద ఆ గడ్డిని దున్ని తిరగేస్తే నిల్వ తరగడం మొదలవుతుంది, మిగిలింది వానకు కొట్టుకుపోతుంది. ఒక పోలిక మాత్రం నిజమేనని ఒప్పుకుంటాను. అక్కడి బంకలో తడిస్తే ఉబ్బి, ఎండితే ముడుచుకునే రకం తరచుగా కనిపిస్తుంది. ఆగస్టులో నెర్రెలు విచ్చిన చోట నిలబడితే నాకూ పల్నాడు గుర్తొచ్చింది. కానీ పల్నాటి రేగడిలో మనిషి లోతు తవ్వినా మట్టే వస్తుంది. యూటా కొండ మీద రెండు జానలు తవ్వేసరికి గడ్డపార సున్నపురాయి ముక్కలకు తగిలి ఖంగుమంటుంది.

45 శాతం సంగతికి వస్తే, ఆ నివేదిక అబద్ధం కాదు, దాన్ని చదవడంలోనే పొరపాటు జరిగింది. ప్రయోగశాలలో మట్టిని ముందు 2 మిల్లీమీటర్ల జల్లెడ పడతారు. జల్లెడలో మిగిలిన రాయిని పక్కన పెట్టి, కిందికి దిగిన మట్టికే లెక్క కడతారు. నేలలో సగం రాయే అయితే, ఆ 45 శాతం మిగిలిన సగానికే వర్తిస్తుంది. మీటరు లోతు బంకమట్టి మొక్కకు అందించగల నీరు సుమారు 15 సెంటీమీటర్లు అనుకోండి. సగం రాయి అయితే ఏడున్నర. అర మీటరుకే బండ తగిలితే నాలుగు కూడా లేదు. ఎండాకాలంలో ఆ నాలుగు సెంటీమీటర్లు ఒక పైరుకు ఎన్ని రోజులు వస్తాయో మెట్టసాగు చేసిన ఏ ఇంట్లోనైనా అడగండి. పైగా ఆ కొండల మీద నీటిలో ఎక్కువ భాగం మంచుగానే వస్తుంది. అది వసంతంలో ఒక్కసారిగా కరుగుతుంది, అడుగున బంకపొర దాన్ని త్వరగా దిగనివ్వదు. అందుకే మేలో బురద, ఆగస్టులో ఇటుక.

రాళ్లు ఏరమన్నవాళ్లు ఒక్క చలికాలమైనా ఆ నేలను చూడలేదు. నీరు గడ్డకట్టి నేల ఉబ్బినప్పుడు రాయి పైకి లేస్తుంది, కరిగినప్పుడు దాని కింది సందులోకి మట్టి జారుతుంది, రాయి మళ్లీ దిగదు. ఈ ఏడు ఏరితే వచ్చే ఏడు కొత్తవి తేలతాయి. అంతకంటే ముఖ్యం, పైన పరుచుకున్న ఆ గరుసే బంకమట్టికి కప్పు. వానచినుకు దెబ్బ రాయి మీద పడుతుంది, మట్టి మీద పడదు. రాళ్లు ఏరడమంటే వానాకాలానికి ముందు ఇంటి పెంకులు తీసేయడమే.

ఇప్పుడు అసలు మాట, నన్ను ఇంత రాయించిన మాట: మంచు కరగగానే గొర్రెలతో తొక్కించడం.

తడిసిన రేగడిలోకి అరక కట్టమని మన ఊళ్లో ఎవరైనా అంటారా? పదును రాకముందు దున్నితే పెళ్లలు లేస్తాయని, ఆ పెళ్లలు ఏడాదంతా పగలవని పదేళ్ల పిల్లవాడు కూడా చెబుతాడు. అమెరికా వెళ్లగానే ఆ పదును అనే మాటను ఎక్కడ వదిలేశాం? తడి బంకలో గిట్ట దిగితే గాలి ఆడే సందులు మూసుకుపోతాయి, మట్టి మైనంలా అతుక్కుంటుంది, ఎండాక ఆ ముద్ర అలాగే గట్టిపడుతుంది. రాళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉన్న చోట అవి కొంత బరువు మోస్తాయన్నది నిజం. కానీ వేరు బతికేది రాళ్ల మధ్య ఉన్న మట్టిలో, నలిగేదీ అదే.

ఇది నా ఊహ కాదు. ఇదే యూటాలో, వాసాచ్ పీఠభూమి మీద, ఈ ప్రయోగాన్ని చరిత్ర ఒకసారి చేసి చూపించింది. 19వ శతాబ్దం చివర అక్కడికి లెక్కలేనన్ని గొర్రెల మందలను తోలారు. మంచు గీత వెనక్కి జరుగుతుంటే దాని వెంటే మందలు ఎక్కేవి. కింద మాంటై ఊళ్లో నిలబడి, కొండ మీద లేచే దుమ్ము మబ్బులను బట్టి ఎన్ని మందలున్నాయో లెక్కపెట్టేవారని ఇప్పటికీ చెప్పుకుంటారు. 1880ల చివరి నుంచి 1909 దాకా ఆ చుట్టుపక్కల ఊళ్ల మీదికి వేసవి వానలకే బురద వరదలు దిగాయి, బండరాళ్లతో సహా. ఆ దెబ్బకే 1912లో అమెరికా అటవీ శాఖ ఎఫ్రెయిమ్ లోయలో ప్రయోగ కేంద్రం పెట్టింది. దానికి తొలి అధిపతి ఆర్థర్ శాంప్సన్. అక్కడ సుమారు పదేసి ఎకరాల రెండు వాలులను పక్కపక్కన ఎంచుకుని, వాటి నుంచి దిగే నీటినీ మట్టినీ ఏళ్ల తరబడి కొలిచారు. ఒక వాలులో పచ్చిక కప్పు 16 శాతం నుంచి 40 శాతానికి పెరిగేసరికి, వానకు దిగే నీరూ కొట్టుకుపోయే మట్టీ రెండూ సగానికి పైగా తగ్గాయి.

సందేశం రాసినవాళ్లు “గట్టిపడిన నేల” అని చూపిస్తున్నది ఏమిటో ఇప్పుడు ఆలోచించండి. ఆ పీఠభూమి మీద చాలాచోట్ల నల్లని పైమట్టి అప్పుడే కొట్టుకుపోయింది. ఇవాళ కాలికి తగిలే గరుసు బంక ఒకప్పటి అడుగుమట్టి. గొర్రెలు తొక్కితే మిగిలిన గాయం అది. దాన్ని మాన్పడానికి మళ్లీ గొర్రెలతో తొక్కించమంటున్నారు! రెండేళ్లలో పచ్చబడుతుందట. మందలు తగ్గించి వందేళ్లు గడిచినా పూర్తిగా కోలుకోని వాలులు అక్కడ ఉన్నాయి. ఎందుకంటే బట్టబయలైన బంకలో ప్రతి చలి రాత్రీ సూదుల్లాంటి మంచు లేచి, మొలకను వేరుతో సహా పైకి పెకలిస్తుంది.

విత్తనం నాటుకుంటుందన్న మాట చదివినప్పుడు నాకు నిజంగా కోపం వచ్చింది. మే నెలలో ఏ గడ్డి వెన్నులో విత్తనం ఉంటుంది? అప్పుడే వేరులో దాచుకున్న బలంతో చిగురు వేస్తున్న గడ్డిని కొరికిస్తే, విత్తనం మాట అటుంచి ఆ మొక్కే నీరసిస్తుంది.

అయినా ఇక్కడే ఒక సంగతి చెప్పకపోతే నేనూ న్యాయం తప్పినవాణ్నవుతాను. గిట్ట విత్తనాన్ని నాటుతుందన్న మాట పుట్టించింది ఈ సందేశం కాదు, శాంప్సనే. యూటాకు రాకముందు ఆయన ఆరెగాన్‌లోని వలోవా కొండల్లో పని చేశాడు. గడ్డి గింజ పండి రాలేదాకా మందను ఆపి, ఆ తర్వాత మేపితే, గిట్టల కింద విత్తనం మట్టిలోకి దిగి మొలకలు బాగా వస్తాయని అక్కడ గమనించాడు, 1913లో ప్రచురించాడు. అంటే గొర్రెను కొండ నుంచి పూర్తిగా వెళ్లగొట్టాలన్న వాదన కూడా తప్పే. నేను కొన్నేళ్లపాటు ఆ వాదనే చేశాను, ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఆయన చెప్పింది వేసవి చివర, ఎండిన నేల మీద, కొద్ది మందతో, అదీ ఏటా ఒకే చోట కాకుండా చోటు మారుస్తూ. సందేశం ఆ మాటలో గిట్టను ఉంచుకుని అదునును పారేసింది.

బయానా ఇవ్వబోతున్న మిత్రులిద్దరికీ నిన్న రాత్రి ఫోనులో చెప్పిందే ఇక్కడా రాస్తున్నాను. కొనే ముందు ఒక గొయ్యి నడుములోతు తవ్వించండి, బండ ఎక్కడ తగిలిందో, రాయి ఎంతుందో మీ కళ్లతో చూడండి. ఇప్పటికే కొనేసినవాళ్లు దున్నకండి, రాళ్లు ఏరకండి. మేపుకు ఎవరికైనా ఇస్తే, మందను తోలే ముందు జానెడు లోతు మట్టి పిడికెడు తీసి, రాళ్లు ఏరేసి, అరచేతుల మధ్య పెన్సిలు కంటే సన్నగా పుల్లలా చేయండి. పుల్ల విరగకుండా నిలిచిందంటే నేల ఇంకా తడిగా ఉంది, గేటు తీయవద్దు. అది పొడిగా విరిగి, గడ్డి గింజ రాలాక మందను రానివ్వండి.