బ్రహ్మచర్యానికి పది పాయింట్లు

ఏ స్వామీజీ ఆశీస్సులతో రాశారో గానీ, ఆస్ట్రేలియా పీఆర్ (శాశ్వత నివాసం) పాయింట్ల పట్టికలో పెళ్ళికానివాడికి ఊరికే 10 పాయింట్లు వేస్తారు. అక్కడే ఉద్యోగంలో ఏడాది ఒళ్ళు వంచితే వచ్చేవి 5. చదువైపోయి 485 అనే తాత్కాలిక వీసా మీద పనిచేసుకుంటున్న మనవాళ్ళు ఇన్నాళ్ళూ తమ నైపుణ్యం జావా అనుకుంటున్నారు, పాపం.

పెళ్ళి వద్దని ప్రభుత్వం అనలేదు. పెళ్ళాం 45 లోపుండి, ఇంగ్లీషొచ్చి, సర్కారు లిస్టులో ఉన్న వృత్తిలో స్కిల్ అసెస్‌మెంట్ కూడా చేయించుకుంటే ఆ 10 పదిలం. ఒట్టి ఇంగ్లీషైతే 5. అదీ లేకపోతే సున్నా. అందుకే ఇప్పుడు మెల్‌బోర్న్ నుంచి వీడియో కాల్‌లో పెళ్ళిచూపులు ఇలా సాగుతున్నాయి.

"అమ్మాయి సంగీతం నేర్చుకుంది బాబూ."

"పీటీఈ, అదే ఇంగ్లీషు పరీక్ష, రాసిందా అంకుల్?"

"నర్సింగ్ కూడా చేసింది."

అబ్బాయి తల్లి మొహం వెలిగిపోతుంది. "అసెస్‌మెంట్ అయిందా వదినగారూ?"

"ఇంకా లేదండీ."

"అయితే మావాడికి పీఆర్ ఇన్విటేషన్ వచ్చాక మాట్లాడుకుందాం." ముహూర్తం పెట్టేది పంతులుగారు కాదు, మైగ్రేషన్ ఏజెంటు.

అప్పటిదాకా తలొంచుకున్న అమ్మాయి అప్పుడడుగుతుంది: "పీఆర్ కావాలని మీరు పెట్టుకున్న ఈఓఐలో ఎన్ని పాయింట్లండీ?"

"ఎనభై."

"ఐటీలో ఎనభైకి ఎవరు పిలుస్తారండీ?" కాల్ కట్.

పోనీ ఆగుదామా అంటే 33 నిండిన రోజున వయసు పాయింట్లు 30 నుంచి 25కి పడతాయి. అర్హత మార్కు 65 అని రాసిపెట్టారు కదా అంటారేమో. 65తో లైన్లో నిలబడొచ్చు, అంతే. ఆ తరిగిన 5 పూడ్చుకోవడానికి ప్రొఫెషనల్ ఇయర్ అని ఒకటుంది: 44 వారాలు, అందులో 12 వారాల ఇంటర్న్‌షిప్. చాలాచోట్ల దానికి జీతం ఉండదు. పైగా వేల డాలర్లు మనమే ఎదురు కట్టాలి. అక్కడే డిగ్రీ చేసి, అక్కడే ట్యాక్సు కడుతూ, సర్కారు వైద్యబీమా మెడికేర్ లేక సొంత డబ్బుతో ఇన్సూరెన్సు కొనుక్కుంటున్న పిల్లల చేత డబ్బు కట్టించుకుని మరీ వెట్టి చేయిస్తారా? దానికి శిక్షణ అని పేరా? సిగ్గుండాలి.

సరే, పీఆర్ వచ్చింది, పెళ్ళీ అయింది. ఒంటరిగా ఉన్నందుకు పాయింట్లేసిన సర్కారే ఇప్పుడు భార్య వీసాకి 9 వేల డాలర్లకు పైగా కట్టమంటుంది. ఈసారి పాయింట్లు అడగరు లెండి. ఇద్దరూ కలిసున్న ఫొటోలు అడుగుతారు.