పట్టపగలే చుక్కలు

రాత్రిపూట ఆకాశంలో కనిపించే వింత వెలుగుల జోలికి ఈ వ్యాసం పోదని ముందే మనవి చేస్తున్నాను. చీకట్లో తాడును చూసి పామనుకున్నవాణ్ణి మన వేదాంతులే క్షమించారు, మనమెంత? ఎగిరే పళ్లేలని, గ్రహాంతరవాసుల వాహనాలని జనం చెప్పుకునేవాటిలో నా అభ్యంతరమంతా పగటిపూట వచ్చేవాటితోనే. ఎండ కాస్తూ ఉంటుంది. మబ్బు తునక కూడా ఉండదు. చూసినవాడు నిద్రమత్తులోనూ ఉండడు. అయినా ఆ వచ్చిందేమిటో తేలదు. సాక్షి వాంగ్మూలం మాత్రం రిజిస్ట్రేషన్ కాగితంలా పక్కాగా ఉంటుంది: బస్సంత ఉంది, పది కిలోమీటర్ల ఎత్తులో ఉంది, విమానంలా దూసుకుపోయింది.

గిట్టనివాళ్లు కొందరు దీనికి కూడా లెక్కలు తీస్తారు. 12 మీటర్ల బస్సు 10 కిలోమీటర్ల దూరంలో ఎంత కనిపిస్తుందో, 30 సెంటీమీటర్ల పుట్టినరోజు బుడగ 250 మీటర్ల దూరంలో సరిగ్గా అంతే కనిపిస్తుందట. చందమామ వెడల్పులో ఏడో వంతు కూడా ఉండదు. ఆ బుడగ గంటకు 20 కిలోమీటర్ల గాలికి కొట్టుకుపోతుంటే, దాన్ని బస్సనుకున్నవాడి కంటికి 800 కిలోమీటర్ల వేగంతో పోతున్నట్టే లెక్క. దూరం తెలియనిదే పరిమాణం తెలియదు, వేగమూ తెలియదు అని వీళ్ల వాదన. లెక్క తప్పని నేననను. కానీ బుడగను చూశానని చెప్పుకోవడానికి ఎవరు మాత్రం ఊరంతా ఫోన్లు చేస్తారు?

అమెరికా నౌకాదళ విమానం తీసిన ఒక వీడియోకు ‘గో ఫాస్ట్’ అని పేరు. సముద్రం మీద ఏదో మహావేగంతో పోతున్నట్టు ఉంటుంది, వెనక నుంచి పైలట్ల కేరింతలు వినిపిస్తాయి. 2023లో నాసా నిపుణుల బృందం కూర్చుని లెక్కగట్టి, ఆ వస్తువు సుమారు 13,000 అడుగుల ఎత్తున గంటకు 40 మైళ్ల వేగంతో పోతోందని తేల్చింది. ఆ ఎత్తులో వీచే గాలి వేగమూ దాదాపు అంతే. దూసుకుపోయింది చూసినవాళ్ల విమానం. కాంతి సంవత్సరాలు దాటి వచ్చినవాళ్లు ఇక్కడ స్కూటర్ వేగంతో వెళ్తారా అని ఎగతాళి చేసేవాళ్లున్నారు. అంత దూరం నుంచి వచ్చింది చూడ్డానికైతే నెమ్మదిగానే వెళ్తారు మరి.

పగటి ఆకాశంలో నిజంగానే ఒక చుక్క ఉంటుంది. శుక్రగ్రహం. ఎక్కడ చూడాలో తెలిస్తే, నిర్మలమైన రోజున మామూలు కంటికే దొరుకుతుంది. రెప్ప వేసి పక్కకు చూసి మళ్లీ వెతికితే దొరకదు. ‘చూస్తుండగానే మాయమైంది’ అని సాక్షులు చెప్పేది అబద్ధం కానే కాదు. 1797లో ఇటలీని గెలిచి పారిస్ వచ్చిన నెపోలియన్ లక్సెంబర్గ్ భవనానికి వెళ్తుంటే, జనం ఆయన్ను వదిలేసి పైకి చూస్తూ నిలబడ్డారని ఖగోళ శాస్త్రజ్ఞుడు అరాగో రాసిపెట్టాడు. మిట్టమధ్యాహ్నం చుక్క! జనం దాన్ని ఇటలీ విజేత నక్షత్రమని తీర్మానించేశారు. ఆకాశంలో ఏం కనిపించినా నాయకుడి ఖాతాలో జమ వేసే పద్ధతికి ఇంత చరిత్ర ఉందన్నమాట.

శుక్రుడి మీద నేరం మోపడమూ పాత అలవాటే. 1948 జనవరి 7న అమెరికాలోని కెంటకీ రాష్ట్రం మీద ఏదో మెరుస్తూ కనిపిస్తే, కెప్టెన్ థామస్ మాంటెల్ తన యుద్ధవిమానంలో దాని వెంటపడ్డాడు. ఆక్సిజన్ లేకుండానే పైపైకి వెళ్లాడు, విమానం కూలి చనిపోయాడు. అది శుక్రగ్రహమని మొదట చెప్పారు. నౌకాదళం రహస్యంగా ఎగరేస్తున్న ‘స్కైహుక్’ అనే భారీ బెలూన్ అయి ఉంటుందన్నది తరువాత ఎక్కువమంది ఒప్పుకున్న కారణం. ఒక దళం బెలూన్ సంగతి ఇంకో దళానికి తెలియదు. ఇక్కడ నాకు వ్యంగ్యం రాయబుద్ధి కావడం లేదు.

2023 ఫిబ్రవరి దగ్గరికొస్తే మళ్లీ రాయబుద్ధవుతుంది. చైనా బెలూన్ ఒకటి పట్టపగలు అమెరికాను ఆ చివర నుంచి ఈ చివరికి దాటింది. జనం తీరిగ్గా ఫోటోలు తీసుకున్నారు. మూడు బస్సులంత ఉందన్నారు, ఈసారి నిజంగానే అంత ఉంది. ఫిబ్రవరి 4న దక్షిణ కరొలైనా తీరం దగ్గర ఎఫ్-22 యుద్ధవిమానం దాన్ని కూల్చింది. ఇకమీదట ఏదీ తప్పించుకోకూడదని రాడార్ల వడపోతను సవరించారు. అంతవరకూ చెత్తగా పక్కన పెట్టినవన్నీ తెరమీదికి వచ్చేశాయి. 10, 11, 12 తేదీల్లో రోజుకొకటి చొప్పున అలాస్కాలో, కెనడాలోని యూకాన్‌లో, హ్యూరాన్ సరస్సు మీద మూడు వస్తువుల్ని కూల్చారు. ఇవి గ్రహాంతరవాసులవా అని విలేకరులు అడిగితే, ఇంకా దేన్నీ కొట్టిపారేయలేదని అమెరికా గగనతల రక్షణ చూసే జనరల్ వాన్‌హెర్క్ జవాబిచ్చారు. కొద్దిరోజులకు అప్పటి అధ్యక్షుడు బైడెన్, అవి బహుశా ప్రైవేటు సంస్థలవో పరిశోధకులవో అయి ఉంటాయన్నారు. ఆ మధ్యలోనే ఇలినాయిస్‌లో బెలూన్లు ఎగరేసే ఒక అభిరుచి క్లబ్బు, అలాస్కా దాకా వెళ్లిన తమ బుడ్డ బెలూన్ ఆచూకీ లేదని చెప్పింది. అలాంటి బెలూన్ అప్పట్లో 12 డాలర్లకే దొరికేది, ఖరీదైనదైతే 180. కూల్చడానికి వాడిన క్షిపణి ఒక్కొక్కటి 4 లక్షల డాలర్ల పైమాటే. కూలింది క్లబ్బువాళ్లదేనని రుజువు కాలేదు కాబట్టి నేనూ అనను. వచ్చిందేమిటో తెలియకపోయినా దానికి తగిన ఆయుధమేదో వెంటనే తెలిసిపోవడం గొప్ప విషయం. హ్యూరాన్ సరస్సు మీద మొదటి క్షిపణి గురి తప్పింది కూడా. అడిగితే ఆ వస్తువే తప్పించుకుందని చెప్పుకోవచ్చు.

మనమేం తక్కువ తినలేదు. 2023 నవంబర్ 19 మధ్యాహ్నం ఇంఫాల్ విమానాశ్రయం మీద ఏదో కనిపించిందని విమానాలు ఆపేశారు. రఫేల్ యుద్ధవిమానాలు వెళ్లి వెతికాయి. ఏమీ దొరకలేదు. కనీసం క్షిపణి ఖర్చు మిగిలింది.

ఇంతవరకూ చదివి హేతువాది మిత్రులు సంబరపడుతుంటారు. వాళ్లకూ ఒక మ్యాచ్ ఉంది. 1954 అక్టోబర్ 27న ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో ఫుట్‌బాల్ ఆట జరుగుతోంది. స్టేడియంలో సుమారు 10,000 మంది. ఉన్నట్టుండి అందరి తలలూ పైకి లేచాయి. ఆటగాళ్లు బంతిని వదిలేశారు, ఆట ఆగిపోయింది. ఆకాశంలో ఏవో వస్తువులు కదులుతున్నాయి, పైనుంచి తెల్లటి పీచు రాలుతోంది, పట్టుకుంటే కరిగిపోతోంది. సాలీళ్లు గాలిలోకి దారం వదిలి దాంతోపాటే ఎగిరిపోతాయి, ఆ దారాలే ఎండలో మెరిసి కిందపడ్డాయి అని వివరణ. సాలీళ్లు అలా ఎగిరే మాట ముమ్మాటికీ నిజం. కానీ ఆ పీచును విశ్వవిద్యాలయంలో పరీక్షిస్తే బోరాన్, సిలికాన్, కాల్షియం, మెగ్నీషియం కనిపించాయి. సాలీడు దారమేమో ప్రోటీను. ఈ చిక్కును మన మిత్రుడి ముందు పెట్టి చూడండి. ‘పరీక్ష సరిగ్గా చేసుండరు’ అని గుక్క తిప్పుకోకుండా అనేస్తాడు. సరిగ్గా చేయకపోయి ఉండొచ్చు కూడా. అయితే డెబ్బై ఏళ్ల తరువాత కుర్చీలోంచి లేవకుండా ఆ సంగతి కనిపెట్టినవాడు, ఎగిరే పళ్లేల భక్తుడికి చూపులో ఏమాత్రం తీసిపోడు.

అమెరికా వైమానిక దళం 1952 నుంచి 1969 దాకా ‘బ్లూ బుక్’ పేరుతో ఇలాంటి ఫిర్యాదులన్నీ పోగేసింది. 1947 నుంచి వచ్చినవాటితో కలిపి లెక్కలో 12,618 ఉన్నాయి. అందులో 701 గుర్తించలేనివని రాసి మూసేశారు. భక్తుడు చదివితే 701 వాహనాలు దిగాయి. హేతువాది చదివితే 701 సార్లు గుమాస్తా బద్ధకించాడు. కాగితం మీద ఉన్న మాటను ఉన్నట్టు చదివినవాడెవడో ఇంకా నాకు తారసపడలేదు.

ఇక అన్నిటికంటే నాకు ఇష్టమైన వస్తువు సంగతి. నీలాకాశం వైపు చూపు నిలిపి అలాగే ఉండండి. (సూర్యుడి వైపు మాత్రం వద్దు.) కాసేపటికి సన్నటి మెరుపు చుక్కలు వంకర దారుల్లో ఉరుకులు పెడతాయి. ఒక్కోటీ సెకను తిరక్కుండానే మాయం. వాటి నడకలో ఒక లయ కూడా ఉంటుంది, అది మీ నాడిది. మీ కంటి రెటీనా మీది సన్నటి రక్తనాళాల్లో వెళ్తున్న తెల్ల రక్తకణాలవి. ఎర్ర కణాలు నీలి కాంతిని పీల్చుకుంటాయి, తెల్లవి పోనిస్తాయి, అందుకే అవి వెలుగు చుక్కల్లా కనిపిస్తాయి. ఒంట్లోకి శత్రువు చొరబడకుండా కాపలా కాసే సైన్యం అది. దండయాత్ర మొదలైందని మనం కేకలు పెడుతున్నది మన సొంత దళాన్ని చూసి.

జేబులో కెమెరా ఉండి కూడా మంచి ఫోటో ఎందుకు లేదంటారు. ఆ 10 కిలోమీటర్ల బస్సు మామూలు ఫోన్ ఫోటోలో నాలుగైదు పిక్సెళ్లకు మించదు. ఖాళీ ఆకాశంలో దేనిమీద ఫోకస్ చేయాలో తెలియక ఫోన్ తికమకపడుతుంది. ఫోకస్ చెదిరిన చుక్క గుండ్రటి బిళ్లవుతుంది. మధ్యలో కొంచెం జూమ్ చేస్తే కిటికీలు కూడా వస్తాయి. ఇంతకంటే మంచి ఫోన్ కొంటే పాపం బిళ్ల కాస్తా కొంగగా మారే ప్రమాదం ఉంది. కాబట్టి తొందరపడి కొనకండి.

నిజంగా రిపోర్టు రాయాలని ఎవరికైనా ముచ్చట పుడితే పద్ధతి ఉంది. చేయి చాచి బొటనవేలు పక్కన పెట్టి, గోరులో ఎన్నో వంతుందో చూడాలి. దిక్కు, సమయం, గాలి ఎటు వీస్తోందో రాయాలి. అలా రాస్తే ఇలా వస్తుంది: ‘మధ్యాహ్నం 2.40. పడమర. బొటనవేలి గోరులో ఇరవయ్యో వంతు. నాలుగు నిమిషాలు. గాలి వెళ్లే వైపే వెళ్లింది. ఏమిటో తెలియదు.’ దీన్ని ఏ చానెల్ వేస్తుంది? వేసినా ఎవడు చూస్తాడు? బస్సంత అనే రాయండి. రెండు బస్సులైతే సాయంత్రం చర్చకు కూడా పిలుస్తారు.