దుర్యోధనుడి వైపు నుంచి ఓసారి

నేను రాత్రిపూట కథలు రాస్తాను. సొంత పాత్రలతో కాదు, వేరేవాళ్ళు పుట్టించిన పాత్రలతో. దాన్నే ఫ్యాన్ ఫిక్షన్ అంటున్నారు. మారుపేరుతో ఆన్‌లైన్‌లో పెడతాను, పైసా రాదు. ఇంట్లోవాళ్ళు "ఇంత వయసొచ్చాక ఇదేం పిచ్చి" అన్నట్టు చూస్తారు. ఆ చూపు అలవాటైపోయింది.

అసలు తెలుగువాళ్ళకి ఇది పిచ్చిలా కనిపించకూడదు. వ్యాసుడి భారతంలో శశిరేఖ లేదు. 1957 నాటి మాయాబజార్ చూశాక మాత్రం ఆ పెళ్ళి జరగలేదంటే మనం ఒప్పుకోం. 1977లో దానవీరశూరకర్ణకి కొండవీటి వెంకటకవి మాటలు రాశారు. అందులో దుర్యోధనుడు కులం గురించి నిలదీస్తుంటే చప్పట్లు కొట్టింది, కథ మొత్తంలో పాండవుల పక్షాన ఉండే మనమే. ఆ కాసేపు మనసు అటువైపు వెళ్ళింది. మళ్ళీ ఇటు వచ్చింది. ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు.

నా కథలకి ఒక పాఠకుడు ఉండేవాడు. ప్రతి భాగం చివరిదాకా చదివి, ఎక్కడ నచ్చిందో, ఎక్కడ పాత్ర గాడి తప్పిందో ఓపిగ్గా రాసేవాడు. ఒకసారి ఎన్నికల గురించి ఎక్కడో పెద్ద గొడవ నడుస్తోంది, నేనూ దూరాను. అవతల వాదిస్తున్న మనిషి పేరు చూస్తే అతనే! నిజం చెప్పాలంటే మొదట వెటకారం చేసింది నేను. అతను అంతకు రెండింతలు చేశాడు. నాలుగో మాటకల్లా పార్టీలు వదిలేసి ఒకరి బుర్రల మీద ఒకరం పడ్డాం. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అతను అన్న మాటల వల్ల కాదు, పాత్ర గాడి తప్పితే పట్టుకోగలిగే మనిషి ముందు నేనే గాడి తప్పానని.

కథల దగ్గర అంత మర్యాదగా ఉన్న ఇద్దరం ఇక్కడ ఇలా ఎందుకైపోయాం? కథలు రాసేవాళ్ళు మంచివాళ్ళు, రాజకీయాలు మాట్లాడేవాళ్ళు చెడ్డవాళ్ళు అనడానికి లేదు. ఏ పాత్రకి ఏ పాత్ర జోడీ అన్న విషయం మీద ఫ్యాన్స్ ఏళ్ళ తరబడి కొట్టుకున్న సందర్భాలు బోలెడు. తేడా అలవాట్లలో ఉంది.

ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్ అనే ఫ్యాన్ ఫిక్షన్ సైట్ 2009లో మొదలైంది. స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళు నడుపుతారు, ప్రకటనలు ఉండవు. 2019లో దానికి, సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకిచ్చే హ్యూగో అవార్డు కూడా వచ్చింది. అక్కడ కథ పెట్టాలంటే ముందు చీటీ అతికించాలి: ఏ వయసు వాళ్ళకి, తీవ్రమైన హింస ఉందా, ముఖ్య పాత్ర చనిపోతుందా. చెప్పడం ఇష్టం లేకపోతే, చెప్పదలచుకోలేదన్న సంగతైనా చెప్పాలి. చాలామంది కథ పెట్టే ముందు ఇంకొకరికి చూపిస్తారు, వాళ్ళని బీటా రీడర్ అంటారు. రాజకీయాల్లో మనకి చీటీ లేదు, బీటా రీడరూ లేడు. హెడ్డింగ్ చూసి ఫార్వర్డ్ చేస్తాం. "పూర్తిగా చదవలేదు", "కోపంలో రాశాను", "అంకెలు సరిచూశాను" అని ట్యాగులు పెట్టాల్సి వస్తే సగం పోస్టులు బయటికే రావు. నావి కూడా.

అన్నిటికంటే పెద్ద అలవాటు ఇంకోటుంది. మనకి నచ్చని పాత్రతో కథ రాయాలంటే దాని లోపలికి వెళ్ళాలి. పైనుంచి తిడుతూ రాస్తే ఎవరూ చదవరు. మన శాస్త్రచర్చల్లో దీనికి దగ్గరి పద్ధతే ఉంది, పూర్వపక్షం. ఎదుటివాడి వాదాన్ని ముందు నువ్వే చెప్పాలి, ఆ తర్వాతే నీ సిద్ధాంతం. న్యాయదర్శనంలో, అంటే మన పాత తర్కశాస్త్రంలో, చర్చలు మూడు రకాలు: నిజం తేల్చుకోవడానికి వాదం, గెలవడానికి జల్పం, తనదంటూ ఏ పక్షమూ నిలబెట్టకుండా ఎదుటిది పడగొట్టడమే పనిగా వితండ. ఈ మూడింట్లో "వితండవాదం" ఒక్కటే దాదాపు పాత అర్థంతోనే మన రోజువారీ మాటల్లో మిగలడం చూస్తే నవ్వొస్తుంది. ఎక్కువ వాడుకున్నది అదేగా!

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని నేను కొట్టిపారేయలేను. కథ నచ్చకపోతే మూసేయొచ్చు. చట్టాన్ని మూసేసి వెళ్ళిపోలేం. ఒక నిర్ణయం వల్ల ఉద్యోగమో, ఇల్లో, దేశంలో ఉండే హక్కో పోయే మనిషికి "కాస్త నెమ్మదిగా మాట్లాడండి" అని చెప్పడం తేలిక. ఆ మాట ఎక్కువగా ఏ నష్టమూ లేనివాళ్ళ నోటే వస్తుంది. అందుకే మర్యాద అంటే గొంతు తగ్గించడం అని నేను అనుకోను. కోపంగానే మాట్లాడొచ్చు. కాకపోతే అవతలివాడు అనని మాటకి జవాబు చెప్పకూడదు. ఆ రాత్రి నేను చేసింది సరిగ్గా అదే.

పది రోజుల తర్వాత అతనికి విడిగా ఒక ఉత్తరం రాశాను. క్షమాపణ ఒక్క లైను. మిగతాదంతా అతని వాదం, అతని వైపు నుంచి, నాకు చేతనైనంత బలంగా. రాస్తుంటే రెండు చోట్ల చెయ్యి ఆగింది, ఎందుకంటే అక్కడ నా దగ్గర జవాబు లేదు. చివర్లో "నీ మాట ఇదేనా?" అని అడిగాను.

కాదన్నాడు. మొదటి రెండు పేరాలు పర్వాలేదట, మూడోదాంట్లో తనని నేను మళ్ళీ విలన్‌ని చేశానట. దాన్ని ఇంకా తిరగరాస్తున్నాను.