పెద్ద మాటల బట్టీ

విదేశాల్లో పీజీ చదువులకు రాసే జీఆర్‌ఈ పరీక్షలో ఒక మాట ఇచ్చి దానికి వ్యతిరేక పదం చెప్పమనే ప్రశ్నలు 2011 ఆగస్టులోనే పోయాయి. మాటల జతల మధ్య పోలిక పట్టమనే అనాలజీలూ వాటితోనే పోయాయి. ఇప్పుడు మాటను వాక్యంలో పెట్టి అడుగుతున్నారు. 2023 సెప్టెంబరులో మొత్తం పరీక్షనే రెండు గంటల లోపుకు కుదించారు. అమీర్‌పేట జిరాక్స్ షాపులకు మాత్రం ఈ కబురు అందినట్టు లేదు. స్పైరల్ బైండింగ్ వేసిన వర్డ్‌లిస్టులు అక్కడ ఇప్పటికీ చెల్లుబాటే. ఎడమ పక్క మాట, కుడి పక్క అర్థం, రోజుకు ఇన్నని కోటా. ఆదివారం పూట అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తే వీటి శేషజీవితం కనిపిస్తుంది. మొదటి పేజీల నిండా పసుపు హైలైటర్. ‘డి’ అక్షరం వచ్చేసరికి ఒక్క గీతా ఉండదు.

అరుదైన ఇంగ్లిష్ మాటలు నేర్చుకోవడం దండగని నేననను. చదివే స్థాయి పెరిగేకొద్దీ అవి కావాల్సిందే. నా పేచీ అంతా మాటను దాని వాక్యంలోంచి పెరికి తెచ్చుకునే పద్ధతితోనే.

ఇంగ్లిష్ ఎంత వచ్చో కొలిచే ఐఈఎల్‌టీఎస్ పరీక్ష సంగతే చూడండి. రైటింగ్‌లో నాలుగో వంతు మార్కులు పదసంపదకే. అంతగా వాడుకలో లేని మాటలు రాయాలని బ్యాండ్ 7 స్కోరు కొలమానంలో ఉన్న మాట నిజమే. కోచింగ్‌లో చాలామంది అక్కడితో ఆపేస్తారు. కానీ ఆ వాక్యం అక్కడితో ఆగదు. శైలి మీద, ఏ మాట పక్కన ఏ మాట ఇముడుతుందన్న దాని మీద కాస్తయినా ఎరుక ఉండాలని షరతు పెడుతుంది. ఈ షరతును గాలికొదిలేస్తే ఏమవుతుందో యూనివర్సిటీ అడ్మిషన్ కోసం రాసే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌లు చదివేవాళ్లకు బాగా తెలుసు. ‘ప్లెథొరా’ అంటే ‘చాలా’ అని బట్టీ పట్టిన కుర్రాడు, అమ్మానాన్నలు తనకు ప్లెథొరా ఆఫ్ లవ్ పంచారని రాస్తాడు. ఒంట్లో రక్తం మితిమీరడాన్ని ఒకప్పటి వైద్యులు ఆ మాటతో పిలిచేవారు. మితిమీరిందన్న వాసన దాన్ని ఇంకా పూర్తిగా వదల్లేదు. ఇరానీ హోటల్లో కూర్చుని ‘కాస్త ఉదకం ఇప్పించండి’ అన్నట్టుంటుంది వ్యవహారం. నిఘంటువు ప్రకారం తప్పేం లేదు, సర్వర్ మాత్రం అదోలా చూస్తాడు.

ఇంకో చిక్కు ఉంది, దాన్ని జాబితాలు అసలు పట్టించుకోవు. జీఆర్‌ఈలో పిల్లలు బోల్తా పడేది కొరుకుడు పడని మాటల దగ్గరే కాదు, తెలుసనుకున్న మాటల దగ్గర కూడా. ఎంసెట్‌లో క్వాలిఫై అయినవాడికి ‘క్వాలిఫైడ్ సపోర్ట్’ అంటే అర్హత గల మద్దతు అనిపిస్తుంది. నిజానికది షరతులతో కూడిన మద్దతు. బ్యాంకు లోను శాంక్షన్ అయితే ఇంట్లో స్వీట్లు పంచుతాం, ఒక దేశం మీద శాంక్షన్లు పడితే అక్కడ ఎగుమతులు ఆగిపోతాయి. ఇవి తేలిక మాటలన్న ధీమాతో ఎవరూ హైలైటర్ తీయరు.

పైగా మధ్య అంతస్తును ఎక్కకుండా పై అంతస్తుకు ఎగబాకుతున్నాం. ఇంగ్లిష్ బోధనా నిపుణుడు మైఖేల్ వెస్ట్ 1953లో సుమారు 2,000 మౌలిక పదాల జాబితా ఇచ్చాడు. అవెరిల్ కాక్స్‌హెడ్ 2000లో దానికి బయట ఉన్న 570 పదకుటుంబాలను (ఒక మాట, దాని నుంచి వచ్చే రూపాలన్నీ కలిపి ఒక కుటుంబం) ఏరింది. చదువుల పుస్తకాల్లో, పరిశోధన వ్యాసాల్లో దాదాపు 10 శాతం మాటలు ఇవే. ఆర్బిట్రరీ, ఇన్‌హెరెంట్, ఆల్‌బీట్, నాట్‌విత్‌స్టాండింగ్ లాంటివన్న మాట. వీటితో తడబడుతూనే ‘ఆబ్‌స్ట్రెపరస్’ (అదుపు లేకుండా అల్లరి చేసే) లాంటి మాటలను కంఠస్థం చేసేవాళ్లు మన దగ్గర తక్కువేం కాదు. ఇంగ్లిష్ నవలో, పత్రికో ఎవరి సాయమూ లేకుండా చదువుకోవాలంటే 8,000 నుంచి 9,000 పదకుటుంబాలు కావాలని పదసంపద పరిశోధకుడు పాల్ నేషన్ 2006లో లెక్కగట్టాడు. అంటే ప్రతి 50 మాటల్లో తెలియనిది ఒక్కటే ఉండాలి. అన్ని మాటలు స్పైరల్ బైండింగ్‌లోంచి రావు.

మరుపు గురించి జర్మన్ మనస్తత్వవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ 1885లో ప్రచురించిన ప్రయోగాలను కోచింగ్ క్లాసుల్లో తెగ ఉదహరిస్తారు. ఆయన బట్టీ పట్టింది అర్థం లేని అక్షరాల గుంపులను. మన వర్డ్‌లిస్టులు వాటికి మరీ దూరమేమీ కాదు. వ్యవధి పెంచుకుంటూ మళ్లీ మళ్లీ చూసుకోవాలన్న సూత్రం మాత్రం పనికొస్తుంది, అంకి లాంటి ఫ్లాష్‌కార్డు యాప్‌లు దాని మీదే నడుస్తాయి. కార్డు మీద మాట బదులు, అది మీకు ఎదురుపడిన వాక్యం రాసుకోండి. ఎవరో తయారుచేసిన కార్డుల కట్ట (డెక్) దించుకుంటే మాత్రం స్పైరల్ బైండింగ్ ఫోన్లోకి వచ్చినట్టే.

2021 మేలో కోవిడ్ మందుల పేర్లు నోరు తిరగడం లేదని, వాటి వెనక పెద్ద పెద్ద ఇంగ్లిష్ మాటలకు పేరుపడ్డ ఎంపీ శశి థరూర్ హస్తం ఉందేమోనని కేటీఆర్ ట్విట్టర్‌లో ఆటపట్టించారు. థరూర్ 29 అక్షరాల ఇంగ్లిష్ మాటొకటి విసిరారు. అది పండింది, ఎందుకంటే అక్కడ జోకే ఆ మాట. కవర్ లెటర్‌లో అలాంటి మాట పెడితే ఎవరూ నవ్వరు.

అరుదైన మాట సహజంగా ఒంటబట్టాలంటే ఒక రంగంలో కొన్నాళ్లు మకాం వేయాలి. జీడిమెట్ల ఫార్మా కంపెనీలో క్వాలిటీ విభాగంలో పనిచేసే అమ్మాయికి ‘ఎక్సిపియెంట్’ (మాత్రలో మందుతో పాటు కలిపే, మందు కాని పదార్థం) కొట్టిన పిండి. జీఆర్‌ఈ వర్బల్‌లో మంచి స్కోరు తెచ్చుకున్నవాళ్లలో చాలామంది ఆ మాట విని ఉండరు. ‘ఇంప్యూన్’ (impugn)ను తీసుకోండి, జీఆర్‌ఈ జాబితాల్లో పాతకాపు. అర్థం ‘సవాలు చేయు’ అని రాసుకుని వారం తిరక్కుండా మరిచిపోతారు. హైకోర్టులో అడ్వకేటు గుమాస్తాను అడిగి చూడండి. రిట్ పిటిషన్ల తీర్పుల్లో ‘ఇంప్యూన్డ్ ఆర్డర్’ పదేపదే తగులుతుంటుంది, పిటిషనర్ కొట్టేయమంటున్న ఉత్తర్వు అదే. ఆ తీర్పులు ఆన్‌లైన్లో ఉచితంగా దొరుకుతాయి. ఓ పది చదివితే ‘ఇంప్యూన్’తో పాటు క్వాష్, రిమాండ్, సెట్ అసైడ్ కూడా ఏది ఎక్కడ పడుతుందో తెలిసిపోతుంది.