కంప్యూటర్‌కి ఈసీ తీయించారా అండి?

మన గోదావరి జిల్లాల మనిషి అర సెంటు చెక్క కొనాలన్నా 30 ఏళ్ల ఈసీ తీయిస్తాడు. లింకు దస్తావేజులు వరసపెట్టి చదివిస్తాడు. గట్టు మీది తాటిచెట్టు ఎవరి వాటాలోకి వస్తుందో పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి తేలుస్తాడు. గేదెను కొంటే పళ్లు చూసి, రెండు పూటలా పాలు పిండించి మరీ బయానా ఇస్తాడు. అదే మనిషి భీమవరంలోనో అమలాపురంలోనో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనేటప్పుడు వేసేది ఒక్కటే ప్రశ్న: "బ్యాగు ఫ్రీయేనా అండి?"

మరీ చదువుకున్నవాడైతే రెండోదీ వేస్తాడు. "విండోస్ ఒరిజినలేనా?"

"ఆయ్, ఒరిజినలేనండి. మొన్నే ఎక్కించాం."

ఒరిజినల్ అయితే మొన్న ఎక్కించడమేమిటని అడగడం మన మర్యాద కాదు కనుక, డబ్బు లెక్కపెట్టి ఇచ్చేసి వస్తాం. ఆరు నెలలు సుఖంగా గడుస్తాయి. ఒక పొద్దున తెర కుడివైపు కింది మూల 'యాక్టివేట్ విండోస్' అని బూడిదరంగు అక్షరాలు వెలుస్తాయి, బాకీ వసూలుకొచ్చి అరుగు మీద కూర్చున్నవాడిలా. కేకలెయ్యదు, లేచి వెళ్లదు. సెట్టింగ్స్‌లో వాల్‌పేపరు, రంగులు మార్చుకోనివ్వదు. అంతకుమించి పని ఆపదు.

సరిగ్గా ఆరు నెలలే ఎందుకంటే, అది 180 రోజుల కౌలు గనక. పెద్ద కంపెనీలు వందల యంత్రాలకు విడివిడిగా కీలు, అంటే విండోస్ లైసెన్సు తాళంచెవుల్లాంటి అక్షరాల వరసలు, కొనవు; ఆఫీసులో కేఎంఎస్ అనే సర్వరు ఒకటి పెట్టుకుంటాయి. ప్రతి యంత్రం 7 రోజులకోసారి దానికి దణ్ణం పెట్టి 180 రోజుల గడువు పొడిగించుకుంటుంది. ఆ సర్వరు కూడా, కనీసం 25 యంత్రాలొచ్చి మొక్కితే తప్ప విండోస్‌కి వరమివ్వదు. హైదరాబాదు ఆఫీసులో లీజు తీరి రావులపాలెం చేరిన ల్యాప్‌టాప్‌కి ఇక్కడ దణ్ణం పెట్టడానికి ఎవరున్నారు? వెతికి వెతికి 0ఎక్స్‌సీ004ఎఫ్074 అనే ఎర్రరు చూపిస్తుంది. 'భూస్వామి కనబడలేదు' అని దానర్థం. కొన్నిచోట్ల కొట్టువాళ్లే యంత్రం లోపల ఒక దొంగ భూస్వామిని, అంటే నకిలీ కేఎంఎస్‌ని, కూర్చోబెట్టి పంపుతారు. విండోస్‌కి కాపలా కాసే డిఫెండర్ వాణ్ని హ్యాక్‌టూల్ అని పట్టుకుంటుంది కాబట్టి ముందు డిఫెండర్ నోరు కట్టేస్తారు. తాళం పగలగొట్టిన వాడికే రాత్రి కాపలా అప్పజెప్పినట్టన్నమాట.

కాబట్టి డబ్బిచ్చే ముందు, కొట్టులోనే, నవ్వుతూనే ఈసీ తీయించండి. విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కి, ఎస్ఎల్ఎంజీఆర్ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ డీఎల్ఐ. వచ్చే పెట్టెలో లైసెన్సు ఏ ఛానల్‌ది, అంటే ఏ రకంగా అమ్మింది, అన్నది చూడాలి. ఓఈఎం (తయారీ కంపెనీయే యంత్రంతో ఇచ్చింది) అని ఉంటే అది దిమ్మ మీది కొబ్బరిచెట్టు: భూమితోపాటు వస్తుంది, పెళ్లగించి వేరేచోట నాటడానికి లేదు. ఇక్కడ భూమంటే మదర్‌బోర్డు. బోర్డు మారిస్తే చెట్టు పోయినట్టే. రిటైల్ అని ఉంటే స్వార్జితం, పాత యంత్రంలో తీసేసి కొత్తదాంట్లో పెట్టుకోవచ్చు. వాల్యూమ్ కేఎంఎస్ క్లయింట్ అని కనబడితే అది పైన చెప్పిన కౌలుదే, బ్యాగు ఫ్రీగా ఎందుకిస్తున్నారో తెలిసిపోతుంది. కీ చివరి అయిదక్షరాలూ అక్కడే ఉంటాయి. టీ83జీఎక్స్ అయితే విండోస్ ప్రో రకం వాల్యూమ్ కాపీలకు వేసే బహిరంగ కీ అది. 3వీ66టీ అని ఉంటే గాభరా వద్దు, డిజిటల్ లైసెన్సున్న (మైక్రోసాఫ్ట్ వారి దగ్గరే నమోదైన) ప్రో యంత్రాలకు మామూలుగా కనిపించేదే. డీఎల్ఐ బదులు స్లాష్ ఎక్స్‌పీఆర్ అని కొడితే శాశ్వతమో, గడువు తేదీయో మొహమాటం లేకుండా చెబుతుంది.

ఇప్పటికే కొనేశారా? అయితే ఇంటర్నెట్‌లో దొరికిన కీలన్నీ సత్రంలో తాళంచెవులు తిప్పినట్టు తిప్పకండి. విండోస్ 8 వచ్చిన 2012 నుంచీ బ్రాండెడ్ యంత్రాల్లో కీ మదర్‌బోర్డు చిప్పులోనే, ఎంఎస్‌డీఎం అనే పట్టికలో ఉంటుంది. ఇంట్లో బావి పెట్టుకుని ఊరంతా బిందె పట్టుకు తిరుగుతున్నాం. చిక్కల్లా ఎక్కువగా ఇక్కడే: చిప్పులోది ఇళ్లకిచ్చే హోమ్ రకం కీ, కొట్టువాడు ఘనంగా ఉంటుందని ఎక్కించింది ప్రో. రెండూ కలవవు. ప్రో నుంచి హోమ్‌కి ఫైళ్లుంచుకుని దిగే దారి లేదు. ఫొటోలు బయటికి తీసుకుని, 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద మైక్రోసాఫ్ట్ వారి ఇన్‌స్టాలర్ వేసుకుని, డిస్కు తుడిచి మళ్లీ ఎక్కించాలి. చిప్పులో కీ ఉంటే అది అడగకుండానే చదువుకుంటుంది. నెట్ తగిలించగానే బాకీవాడు అరుగు దిగిపోతాడు. కౌలు వాసన పూర్తిగా వదలాలన్నా ఇదే మందు.

ల్యాప్‌టాప్ అడుగున విండోస్ 7 స్టిక్కరు చూపించి "కీ ఉందండి" అనేవాళ్లూ ఉంటారు. ఆ కీలతో 10, 11 యాక్టివేట్ కావడం 2023 సెప్టెంబరులోనే ఆగింది. పైగా సగం చెరిగిన స్టిక్కరు మీద బీ ఏదో 8 ఏదో తేల్చడానికి ఒక సాయంత్రం పడుతుంది. ఓ అనుకున్నది మాత్రం ఓ కాదు, సున్నా కాదు. ఆ రెండూ కీలో ఉండవు, అది క్యూ అయ్యుంటుంది.

గోడౌన్‌లో ప్లగ్గు లేకుండా నెలల తరబడి పడున్న డెస్క్‌టాప్‌ది వేరే జబ్బు. కీ మంచిదే, నెట్ ఉంది, అయినా 0ఎక్స్80072ఎఫ్8ఎఫ్ అనే ఎర్రరు. గడియారం చూడండి, ఎప్పటిదో తేదీ చూపిస్తుంటుంది. బోర్డు మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీ, 3 వోల్టులది, చచ్చిపోయింది. తేదీ తప్పైతే యంత్రం సర్వరు ఇచ్చే సర్టిఫికెట్‌ని నమ్మదు. బిళ్ల మార్చి తేదీ సరిచేస్తే సరి.

రీసెట్ చేయగానే ఏదో కంపెనీ పేరుతో స్వాగతం పలికి, ఆఫీసు ఈమెయిల్ అడిగే యంత్రానికి మాత్రం ఏ మందూ లేదు. అది ఆ కంపెనీ జాబితాలో ఇంకా ఉంది. వాళ్లు తీస్తేనే వదులుతుంది. బ్యాగుతో సహా తిరిగిచ్చేయండి.

ఇక రైసు మిల్లుల సంగతి. పాత కంప్యూటరు తూకానికి అమ్మేసి, లెక్కలు రాసే టాలీ సాఫ్ట్‌వేరు లైసెన్సు దాంట్లోంచి సరెండర్ చేయడం మరిచిపోతారు. తెచ్చుకున్న సెకండ్ హ్యాండ్‌లో టాలీ, నేర్చుకునేవాళ్లకిచ్చే ఎడ్యుకేషనల్ మోడ్‌లోకి పోతుంది. లైసెన్సు తీసుకున్న ఈమెయిల్‌తో విడిపించుకోవాలి. ఆ ఈమెయిలేమో మానేసిన గుమాస్తాది. ఆ మోడ్‌లో నెలలో 1, 2, 31 తేదీలకు తప్ప బిల్లు రాయడం కుదరదు. 15వ తేదీన ధాన్యం లారీ వచ్చి గేటు దగ్గర ఆగుతుంది. కొత్త గుమాస్తా చేతులు కట్టుకుని బయటికొస్తాడు.

"31 దాకా ఆగగలరా అండి?"